స్టూడెంట్ డాక్యుమెంటరీకి ఇంటర్వ్యూలు ప్రాక్టీస్ చేయడం గురించి నాకు తెలిసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు, నలుగురు టీమ్, ఒకళ్ళనొకళ్ళు కూర్చోబెట్టుకుని రెండు ప్రాక్టీస్ ఇంటర్వ్యూలు చేశారు, తీరా చూసుకుంటే సమాధానాలన్నీ ముక్తసరిగా ఉన్నాయి, సౌండ్ బావిలోంచి వచ్చినట్టుంది, కూర్చున్న ఫ్రెండ్ చూపు కాసేపు లెన్స్ మీదా కాసేపు అడిగేవాళ్ళ మీదా తిరుగుతోంది. మూడు వారాల్లో మొదటి అసలు ఇంటర్వ్యూ, రిటైరైన ఒక నర్సుగారితో. ఇంకా ప్రాక్టీస్ చేయాలా, ఇక వెళ్ళిపోవడమే మంచిదా అని అడిగారు.

చేయండి. ఇంకో మూడైనా చేయండి, కానీ మీలో మీరు మాత్రం వద్దు. నేను పదిహేనేళ్ళుగా డాక్యుమెంటరీలకి ఇంటర్వ్యూలు చేస్తున్నా, మధ్యలో కొన్నేళ్ళు స్టూడెంట్స్‌కి ఇదే నేర్పించా, ప్రతి బ్యాచ్‌లోనూ ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి చేసిన ప్రాక్టీస్ ఇలాగే పొడిపొడిగా వచ్చింది. కారణం సింపుల్. అడిగేవాళ్ళకి సమాధానం ముందే తెలుసు, చెప్పేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, ఇక ఎందుకు విడమరిచి చెప్తారు? మీకు పెద్దగా పరిచయం లేని మనిషిని, వీలైతే మీకంటే ఓ ముప్పై ఏళ్ళు పెద్దవాళ్ళని పట్టుకోండి, వాళ్ళ జీవితంలో మీకు నిజంగా తెలియని ఒక్క రోజు గురించి అడగండి. మొదటి జీతం అందుకున్న రోజు, ఇల్లు మారిన రోజు, ఏదైనా సరే. మీకు తెలుసుకోవాలని ఉందో లేదో ఎదుటి మనిషికి అర నిమిషంలో తెలిసిపోతుంది, దాన్ని నటించలేం.

ఇంకోటి, ప్రాక్టీస్‌ని రెండు ముక్కలు చేసుకోండి. మొదటి ముక్క సామానుది. ట్రైపాడ్ వేయడం, మైక్ పెట్టడం, సౌండ్ లెవెల్స్ చూడటం, ఫోకస్ లాక్ చేయడం, ఇదంతా మనిషి లేకుండానే ఖాళీ కుర్చీ ముందు పదిసార్లు చేయండి, చీకట్లో కూడా ఏ బటన్ ఎక్కడుందో వేలికి తెలిసేదాకా. రెండో ముక్క వినడం. మొదటిది పూర్తిగా చేతికి రాకపోతే రెండోది జరగదు, ఎందుకంటే ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే మీ బుర్ర మాత్రం రికార్డింగ్ ఎర్ర లైటు వెలుగుతోందా లేదా అని ఆలోచిస్తూ ఉంటుంది.

నాకు జరిగింది చెప్తా. చదువుకునే రోజుల్లో రైళ్ళలో రాత్రి డ్యూటీలు చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని ఇంటర్వ్యూ చేశా. చేతిలో పేపర్, దాని మీద పద్దెనిమిది ప్రశ్నలు, వరస నంబర్లతో. మూడో ప్రశ్నకి జవాబు చెప్తూ చెప్తూ ఆయన ఆగి, వాచీ పట్టీని బొటనవేలితో రుద్దుకుంటూ, "ఆ రాత్రి తర్వాత చాన్నాళ్ళు విజిల్ వినపడితే చాలు నిద్రలోంచి లేచి కూర్చునేవాణ్ణి" అన్నారు. నేను తల ఊపి, పేపర్ చూసి, "మీరు సర్వీసులో ఏ సంవత్సరంలో చేరారండీ?" అని అడిగా. ఆయన నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది, రెండు క్షణాలు నా వైపు చూసి, "76లో బాబూ" అన్నారు. అంతే, ఆ తర్వాత గంటసేపు మాట్లాడినా ఆ రాత్రి దగ్గరికి మళ్ళీ రాలేదు. నాకు ఆ రోజు ఇది తెలియనే లేదు, మూడు రోజుల తర్వాత ఎడిట్ టేబుల్ దగ్గర తెలిసింది. ఏ రాత్రి అది, ఏం జరిగింది, ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన ఇప్పుడు లేరు.

అందుకే మీకు గట్టిగా చెప్పే మొదటి పని ఇది. ప్రాక్టీస్ ఇంటర్వ్యూ అయిపోయాక దాన్ని చూసి వదిలేయకండి, మొత్తం రాయండి, అంటే మాటకి మాట, మీ ప్రశ్నలతో సహా, చేత్తోనైనా టైప్ చేసైనా, కానీ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేసి కాదు, మీ చెవులతో విని. ఇరవై నిమిషాల ఫుటేజ్ రాయడానికి రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. రాశాక మూడు రంగుల పెన్నులు తీసుకోండి. మీరు మాటకి అడ్డం పడిన ప్రతి చోటా ఒక రంగు, అవతలి మనిషి ఏదో అందించబోతే మీరు పట్టుకోకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయిన చోట ఇంకో రంగు, మీ ప్రశ్న వాళ్ళ జవాబు కంటే పొడుగ్గా ఉన్న చోట మూడోది. మొదటిసారి పేజీ నిండా రంగులే ఉంటాయి, కంగారు పడకండి, నాకూ అలాగే ఉండేది. రెండోసారికి సగమవుతాయి. ఎవరో చెప్తే రాని మార్పు ఈ పని వల్ల వస్తుంది, ఎందుకంటే మీ తప్పు మీ చేత్తోనే రాస్తారు కాబట్టి.

అలా రాస్తున్నప్పుడు మీకు కనపడే వాటిలో కొన్ని మన భాషతో ముడిపడినవి, వేరే భాషలో రాసిన గైడ్లలో ఇవి దొరకవు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ఒకటి ఊ కొట్టడం. మనకి ఎవరైనా ఏదైనా చెప్తుంటే ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి ముందుకి సాగదు, మనకీ మర్యాదగా అనిపించదు. కానీ మైక్ ముందు మీ "ఊ", "ఆహా", "అయ్యో" అన్నీ వాళ్ళ మాట మీద పడతాయి, ఎడిట్‌లో తీయడం కుదరదు, ఒక మంచి వాక్యం మధ్యలో మీ ఊ ఉంటే ఆ వాక్యం పోయినట్టే. కాబట్టి కళ్ళతో ఊ కొట్టడం నేర్చుకోవాలి, తల ఊపడం, కొంచెం ముందుకి వంగడం, కనుబొమ్మ ఎత్తడం. అసలు ఇంటర్వ్యూకి ముందే వాళ్ళకి చెప్పేయండి, "మీరు చెప్తున్నప్పుడు నేను ఊ కొట్టను, మైక్‌లో పడుతుంది, వినట్లేదని మాత్రం అనుకోకండి" అని. ఈ ఒక్క మాట చెప్పకపోతే పెద్దవాళ్ళు మీకు నచ్చట్లేదేమో అనుకుని కుదించేస్తారు, అది నేను చాలాసార్లు చూశా.

రెండోది "కదా". "రాత్రి డ్యూటీ చాలా కష్టంగా ఉండేది కదండీ?" అని అడిగితే వచ్చేది "అవునండీ" ఒక్కటే, ఇంకేం వస్తుంది, మీరే మొత్తం చెప్పేశారు కదా. నర్సుగారి కోసం మీరు రాసి పంపిన తొమ్మిది ప్రశ్నల్లో ఐదు ఇలాంటివే. "కదా", "అంటారా", "అనిపించిందా" తో ముగిసే ప్రశ్నలన్నీ కొట్టేయండి. వాటి బదులు "మీరు మొదటిసారి వార్డులో ఒక్కరే ఉన్న రాత్రి గురించి చెప్పండి, గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టండి" అని అడగండి. గేటు దగ్గర్నుంచి అనగానే మనిషి కళ్ళు పక్కకి తిరుగుతాయి, అంటే నిజంగా ఆ చోటుని చూస్తున్నారన్నమాట, ఇక అక్కణ్ణుంచి వచ్చేదంతా చూసి చెప్పేదే, అభిప్రాయం కాదు. అభిప్రాయాలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

మూడోది చాలా ముఖ్యం, ఇది ఎడిట్ టేబుల్ దాకా ఎవరికీ తట్టదు. మీ ప్రశ్న సినిమాలో వినపడదు అనుకుంటే, జవాబు ఒక్కటే నిలబడాలి. తెలుగులో మనం కర్తని హాయిగా వదిలేస్తాం, క్రియ చివర్ని బట్టీ సందర్భాన్ని బట్టీ ఎవరి గురించో తెలిసిపోతుంది కాబట్టి మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ "మీ సూపర్‌వైజర్ ఎలా ఉండేవారు?" అంటే "చాలా స్ట్రిక్ట్‌గా ఉండేవారు, కానీ ఆ రోజు మాత్రం వచ్చి పక్కన కూర్చున్నారు" అని వస్తుంది, ప్రశ్న కట్ చేస్తే ఎవరు వచ్చారో, ఎవరి పక్కన కూర్చున్నారో చూసేవాళ్ళకి తెలీదు. "నా ప్రశ్నని కలుపుకుని జవాబు చెప్పండి" అని రూల్ పెడితే మాత్రం పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతారు, నేను ఆ రూల్ మానేశా. దానికి బదులు చెప్పింది అంతా విన్నాక, "ఎవరండీ ఆయన, ఆయన గురించి తెలియని వాళ్ళకి చెప్తున్నట్టు ఇంకోసారి చెప్పండి" అంటా. రెండోసారి చెప్పేటప్పుడు పేరో, పదవో తప్పకుండా వస్తుంది.

ఇక భాష స్థాయి. కెమెరా ఆన్ కాగానే చాలామంది రేడియోలో మాట్లాడినట్టు మారిపోతారు, "డ్యూటీ చేసేదాన్ని" అనాల్సిన మనిషి "విధులు నిర్వర్తించడం జరిగింది" అంటారు. తప్పు వాళ్ళది కాదు, చాలావరకు మనదే. మనం "మీ వృత్తి జీవితంలో ఎదుర్కొన్న సవాళ్ళేమిటి?" అని అడిగితే అదే పద్ధతిలో జవాబొస్తుంది. ప్రశ్న ఎంత ఇంటిభాషలో ఉంటే జవాబు అంత ఇంటిభాషలో ఉంటుంది. మీ ప్రశ్నలు పైకి చదివి చూడండి, మీ అమ్మతో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడతారా? వాడకపోతే మార్చండి. వాళ్ళ యాస కూడా సరిచేయొద్దు, రాసేటప్పుడు కూడా ఎలా అన్నారో అలాగే రాయండి.

రెండు ప్రశ్నలు కలిపి అడగడం మానేయండి. "అప్పుడెలా అనిపించింది, ఇంట్లోవాళ్ళేమన్నారు?" అంటే చివరిదానికే జవాబొస్తుంది.

మౌనం గురించి ప్రాక్టీస్ చేయాల్సింది కూడా చాలా ఉంది. జవాబు ఆగిపోయినట్టు అనిపించాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి, చూపు తిప్పకుండా. ఐదు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మూడు దగ్గరే నాలుక దురద పెడుతుంది, ఆపుకోండి. మనుషులు మొదట చెప్పేది ఇంతకుముందు పదిమందికి చెప్పిన వెర్షన్, దాని తర్వాత వచ్చే ఖాళీలోనే కొత్తది వస్తుంది. అయితే ఇది ఎదుటివాళ్ళని ఇబ్బందిపెట్టే ఆయుధంలా వాడకూడదు, వాళ్ళు నిజంగా అయిపోయిందన్నట్టు మీ వైపు చూస్తే నవ్వి ముందుకి వెళ్ళండి. ఆ తేడా ముఖంలో తెలుస్తుంది, తెలియడానికే ఈ ప్రాక్టీస్.

ఇప్పుడు సౌండ్. బావిలోంచి వచ్చినట్టుంది అన్నారు, మీరు కెమెరా మీద మైక్‌తోనే రికార్డ్ చేశారు కదూ, రెండు మీటర్ల దూరం నుంచి. మైక్ దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ గోడలకి తగిలి గదంతా తిరిగే శబ్దం మాత్రం దాదాపు అంతే ఉంటుంది, అంటే దూరం పెరిగేకొద్దీ మనిషి తగ్గి గది పెరుగుతుంది. దీన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా బాగుచేయలేం. కాలర్ మైక్ పెట్టండి, గడ్డానికి జానెడు కిందగా, గొలుసూ చున్నీ లాంటివి రాసుకోని చోట. పెట్టేముందు అడగండి, వైరు వాళ్ళనే బట్టల లోపల్నుంచి తీసుకోమనండి. పరుపులు, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న గది ఖాళీ హాలు కంటే ఎప్పుడూ మేలు. రికార్డింగ్ సెట్టింగ్స్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, మామూలు మాటకి సౌండ్ మీటర్ మైనస్ 18, మైనస్ 12 డెసిబెల్స్ మధ్యలో ఆడేలా చూసుకోండి, గట్టిగా నవ్వినా సున్నాకి తగలకూడదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకరు మొత్తం సేపూ వినాల్సిందే, మీటర్ కదులుతోంది కదా అని వదిలేస్తే కుదరదు, బట్ట రాసుకునే గరగర మీటర్‌లో కనపడదు. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ ఆపాక మీ బండి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి, తిరిగి ఆన్ చేయకుండా బయల్దేరలేరు, వాళ్ళ ఇంట్లో సామాన్లు పాడవ్వవు. చివర్లో అందరూ కదలకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దం రికార్డ్ చేయండి, కట్స్ మధ్య అతుకులు దానితోనే పూడ్చాలి. చేత్తో మోసుకెళ్ళే కెమెరా, భుజానికి తగిలించుకునే టేప్ రికార్డర్ సింక్‌లో, అంటే బొమ్మా మాటా ఒకదానితో ఒకటి కలిసేలా నడవడం 1960 ప్రాంతంలో మొదలయ్యాకే మామూలు మనుషులు తమ ఇళ్ళలో, తమ గొంతుతో మాట్లాడటం డాక్యుమెంటరీల్లో మామూలైంది. ఆ గొంతే మీ సినిమా, ఫ్రేమ్ కొంచెం అటూ ఇటూ అయినా జనం చూస్తారు, మాట వినపడకపోతే చూడరు.

చూపు సంగతి. మీ ఫ్రెండ్ చూపు తిరగడానికి కారణం అడిగేవాళ్ళు కెమెరాకి బాగా పక్కగా, బహుశా నిలబడి ఉండటం. అడిగేవాళ్ళు లెన్స్‌కి భుజం తగిలేంత దగ్గరగా, లెన్స్ ఎత్తులోనే కళ్ళు ఉండేలా కూర్చోవాలి, అప్పుడు రెండు కళ్ళూ కనపడతాయి, చూపు సహజంగా ఉంటుంది. "నన్నే చూస్తూ మాట్లాడండి, కెమెరాని పట్టించుకోకండి" అని ఒకసారి చెప్పండి. మిగతా ఇద్దరూ వాళ్ళకి కనపడని చోట ఉండాలి, ఎవరు కదిలినా చూపు అటు పోతుంది. ఒకళ్ళు ఎడమకి చూస్తే తర్వాతి మనిషిని కుడికి కూర్చోబెట్టండి, ఎడిట్‌లో పక్కపక్కన బాగుంటాయి. నేరుగా లెన్స్‌లోకే చూడాలంటే దానికో పద్ధతుంది. అమెరికన్ దర్శకుడు ఎరాల్ మోరిస్ టెలీప్రాంప్టర్ (వార్తలు చదివేవాళ్ళకి లెన్స్ ముందే అక్షరాలు చూపించే పరికరం) అద్దాలతో ఇంటర్రోట్రాన్ అనే ఏర్పాటు చేసుకున్నాడు, మాట్లాడే మనిషికి లెన్స్ ఉన్న చోటే ఆయన ముఖం కనపడుతుంది, కాబట్టి మనిషితో మాట్లాడుతున్నట్టే లెన్స్‌తో మాట్లాడతారు. దాని వెనకున్న సంగతి గుర్తుపెట్టుకోండి, మనిషికి మాట్లాడటానికి ముఖం కావాలి. మీరు పేపర్‌లోకో మానిటర్‌లోకో చూస్తుంటే వాళ్ళకి ముఖం లేనట్టే.

పిక్చర్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. కిటికీ వెలుతురు పక్క నుంచి పడనివ్వండి, వెనక నుంచి వద్దు. వైట్ బ్యాలెన్స్ (రంగులు), ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్ మూడూ లాక్ చేయండి. మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ అయితే సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్, 60 హెర్ట్జ్ అయితే 30, 1/60, లేకపోతే లైట్లు మినుకుమినుకుమంటాయి. తిరిగే కుర్చీ, కిర్రుమనే కుర్చీ వద్దు. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఫ్రేమ్ సైజు కొంచెం మార్చుకోండి, జవాబు మధ్యలో మాత్రం ముట్టుకోవద్దు. ఇంటర్వ్యూ అయ్యాక చేతులు, గదిలో వస్తువులు, వాళ్ళు చేసే ఏదైనా పని, వీలైనంత తీసుకోండి.

మీ నలుగురిలో ప్రతి ఒక్కరూ ఒకసారి ఆ కుర్చీలో కూర్చోవాలి, ఇది తప్పనిసరి. సరదాకి కాదు, మైక్ పెట్టించుకుని, లైటు ముఖం మీద పడుతుంటే, నిజంగా మీకు చెప్పడం కొంచెం కష్టమైన విషయం ఒకటి అరగంట మాట్లాడండి. మీలో మీరు వద్దన్నానుగా, అందుకని అడిగేది బయటి మనిషైతే మేలు. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు గొంతు తడారిపోయింది, నేను చెప్తుంటే అడిగే ఆవిడ వాచీ చూసుకుంది, అంతే, మిగిలింది చెప్పబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ఇంటర్వ్యూకి వెళ్తే వాచీ తీసి బ్యాగ్‌లో పెడతా, ఫోన్ వేరే గదిలో పెడతా.

నర్సుగారి దగ్గరికి ముందు ఒకసారి కెమెరా లేకుండా వెళ్ళి రండి. కానీ కథ అంతా అక్కడే అడిగేయొద్దు, అడిగితే రికార్డింగ్ రోజు "మొన్న చెప్పాను కదమ్మా" తో మొదలై సగం మింగేస్తారు. ఏ విషయాలు మాట్లాడాలనుకుంటున్నారో చెప్పండి, ప్రశ్నల పేపర్ ఇవ్వొద్దు, ఏ విషయం మాట్లాడటం ఇష్టం లేదో అడిగి రాసుకోండి. ఎక్కడ చూపిస్తారో, ఆన్‌లైన్‌లో పెడతారో లేదో దాచకుండా చెప్పి, అనుమతి పత్రం ఇచ్చి రండి, తీరిగ్గా చదువుకోనివ్వండి. రోగుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు ఆవిడ చెప్పకూడదు, మాటల్లో పొరపాటున వచ్చినా ఎడిట్‌లో తీసేసే బాధ్యత మీది, ఇది ముందే ఆవిడతో అనండి, నిశ్చింతగా మాట్లాడతారు.

ఆవిడ ఏడిస్తే ఏం చేయాలి అని మీ చివరి ప్రశ్న. కెమెరా ఆపాలా అని ఆవిడనే మెల్లగా అడగండి. ముఖం మీదికి జూమ్ చేయకండి, దయచేసి. నీళ్ళు అందుబాటులో ఉంచండి, తొందరపెట్టకండి, ఓదార్చే మాటలు పెద్దగా అక్కర్లేదు. ఆపమంటే ఆపి, మైక్ కూడా తీసేయండి, కొంతమంది మైక్ ఉన్నంతసేపూ లోపల బిగపట్టుకునే ఉంటారు. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలా అన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. మొదలుపెట్టినా చివర్లో తేలికైన విషయంతో ముగించండి, గాయం రేపి మన సామాన్లు సర్దుకుని వచ్చేయకూడదు. మర్నాడు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి, ఫుటేజ్ గురించి ఆ కాల్‌లో మాట్లాడొద్దు.

మెమరీ కార్డులు ఆ రాత్రే రెండు వేర్వేరు డ్రైవ్‌లలోకి కాపీ చేసి, ఒకటి వేరే వాళ్ళింట్లో పెట్టండి, రెండూ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

చివరి ప్రశ్న ఎప్పుడూ ఇదే అడుగుతా: "నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?" అడిగి కెమెరా ఆపకుండా కూర్చుంటా. చాలాసార్లు లేదంటారు. మైక్ తీసి వైర్లు చుడుతుంటే, గుమ్మం దాకా వచ్చాక, అప్పుడు చెప్తారు అసలు మాట. అలా జరిగితే దొంగతనంగా ఫోన్‌లో రికార్డ్ చేయకండి. బ్యాగ్ కింద పెట్టి పూర్తిగా వినండి, విన్నాక "ఇది కెమెరా ముందు ఇంకోసారి చెప్తారా?" అని అడగండి. సరే అంటే ఎంత ఆలస్యమైనా మళ్ళీ అంతా బిగించండి. వద్దంటే అది మీకోసం చెప్పిన మాట, సినిమాలోకి రాదు, నలుగురూ అక్కడే ఒప్పుకుని బయటికి రండి.